చిన్నదాని మొండితనం, పెద్దదాని మర్యాద

నాన్న పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద ఇంజను డ్రైవరుగా రిటైరైన ఏడాదే మా ఇంటికి రెండు టెర్రియర్ కుక్కలు వచ్చాయి. మా చర్చికి వచ్చే ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు మద్రాసులో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ వాటిని నాన్న చేతిలో పెట్టాడు. అవి తల్లీ కూతుళ్లు. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు మచ్చలు, మోకాలెత్తు కూడా లేవు. ఆ గార్డు పెట్టిన ఇంగ్లీషు పేర్లు మా నోట తిరగలేదు. నాన్న పెద్దది, చిన్నది అని పిలిచాడు. అవే నిలిచిపోయాయి.

అది ఎనభైల మొదట్లో. అమ్మ అప్పటికే లేదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎలమంచిలి లైను ఇంకా కలపలేదేమని కసిరేవాళ్లని వినేదాన్ని. వన్ టౌన్‌లో మా సందు మలుపు తిరిగేసరికే చిన్నదాని అరుపు వినపడేది. ఇంకో గొంతు వినే ఓపిక నాకు ఉండేది కాదు.

పెద్దది మర్యాదస్తురాలు. తడి గచ్చు మీద కాలు పెట్టేది కాదు. ఆరేదాకా గుమ్మంలో నిలబడి, నాదే తప్పన్నట్టు చూసేది. గొడుగు తెరిస్తే మంచం కిందికి దూరేది. సాయంత్రం ప్రార్థనకి మా కన్నా ముందు చాప మీద కూర్చుని, 'ఆమెన్' వినగానే లేచి తన గిన్నె దగ్గరికి నడిచేది. నాన్న ప్రార్థన సాగదీస్తే అచ్చం మనిషిలాగే నిట్టూర్చేది.

చిన్నదానికి తల్లి పోలిక ఒక్కటీ రాలేదు. పళ్లకి దొరికింది వదలదు. తుండుగుడ్డ పట్టుకుందంటే, గుడ్డతో సహా గాల్లోకి లేపినా వదలదు. హార్బరులో ఓడ కూత వేస్తే మెడ ఎత్తి, అది ఆగేదాకా జవాబు చెప్పేది. మా వీధి నిండా బెల్లం, పప్పుల గోడౌన్లు. ఎలకలు ఎక్కువైనప్పుడు షావుకార్లు దాన్ని అడిగి తీసుకెళ్లేవారు. పట్టిన ఎలకల్ని అది తినేది కాదు. తెచ్చి నా చెప్పుల పక్కన వరసగా పెట్టి, మెచ్చుకుంటానేమోనని కూర్చునేది. డ్యూటీకి ఆలస్యమైపోతూ నేను వాటిని చీపురుతో ఎత్తి పారేసి వస్తే, అది వెనకే వెళ్లి ఒకటి మళ్లీ తెచ్చేది.

రెండేళ్లకి నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. వేకువనే లేచి ఆయన ఒళ్లు తుడిచి, దుప్పట్లు ఉతికి, గంజి పట్టించి, పక్కింటావిడకి అప్పగించి బస్సెక్కేదాన్ని. పెద్దది పరిస్థితి తెలిసినట్టు మంచం కోడు పక్కన ముడుచుకు పడుకునేది. చిన్నది ఆరేసిన దుప్పట్లు లాగి మట్టిలో పొర్లించేది.

ఒక పొద్దున, అప్పుడే ఆరేసిన మూడు దుప్పట్లూ లాగేసింది. నేను అరవలేదు. అరిచే ఓపిక లేదు. అదే సమయానికి మా వీధికి చేపలు తెచ్చే, మేమంతా అప్పా అని పిలిచే ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తోంది. చిన్నదానికి ఆవిడంటే ప్రాణం. నేను గేటు తీశాను. అది ఆవిడ వెనకాలే వెళ్లిపోయింది. పిలవలేదు. గడియ పెట్టి, దుప్పట్లు మళ్లీ తడిపాను.

సాయంత్రం నాన్న వంకర తిరిగిన నోటితో అడిగాడు. "సిన్నదేదే?"

"గోడౌనుకి తీసుకెళ్లారు నాన్నా."

మర్నాడూ అదే చెప్పాను. మూడో రోజు ఆయన అడగలేదు. గాలి ఎక్కువగా ఉందని పడవలు వేటకి వెళ్లలేదేమో, చేపలావిడ కూడా మా వైపు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నాకు హాయిగా ఉంది. పెద్దది సైతం కూతురి కోసం వెతకలేదు. రెండూ పడుకునే గోనెపట్టా అంతా తనదే అన్నట్టు కాళ్లు చాపుకుని పడుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక, సంచిలో ఒక తాడు వేసుకుని, తీరంలో చేపలు పట్టేవాళ్లుండే జాలారిపేట వెళ్లాను. చేపలావిడ గుడిసె ముందు వల చిక్కు తీస్తోంది.

"ఏటమ్మా, ఇప్పుడా వొచ్చేది? తోలేసినా ఎల్లలేదు. మీరొత్తారని సూత్తన్నాను."

"ఏమైనా తింటోందా అప్పా?"

"ఏటి తినదు? వలలు కొరికేసే ఎలకలన్నీ పారిపోనాయి. మా మావైతే దాన్ని పడవ మీద కూకోబెట్టుకుని సంబరపడిపోతన్నాడు."

తిరగేసిన పడవ కిందినుంచి చిన్నది పరిగెత్తుకొచ్చింది. ఒళ్లంతా ఇసుక, చేపల వాసన. నా కుచ్చెళ్లు పళ్లతో పట్టుకుని గుంజింది. తల నిమిరాను. తాడు మాత్రం బయటికి తీయలేదు.

"తీసుకెల్లిపోతారేటమ్మా?"

"నీ దగ్గరే ఉంచుకో అప్పా. మా నాన్న మంచాన పడ్డాడు. నాకు చేతకావట్లేదు."

ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. పాస్టరు గారు అడిగినా, ఎక్స్ఛేంజిలో తోటివాళ్లు అడిగినా, బాగానే ఉన్నామనేదాన్ని. ఆవిడ వల పక్కన పెట్టి, "కూకోండమ్మా కాసేపు" అంది. పడవ నీడలో ఇసుక మీద కూలబడ్డాను. చిన్నది నన్ను వదిలి ఎప్పుడు వెళ్లిందో గమనించలేదు.

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పాను. గేటు తీసింది నేనేనని కూడా. ఆయన మొహం నా వైపు తిప్పి అడిగాడు.

"ఎలకలు దొరుకుతన్నాయా దానికి?"

"దొరుకుతున్నాయట."

"అయితే ఉండనీ. నువ్వేటైనా తిన్నావా?"

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా లేచి వడ్డించుకోలేక ఆయన మంచం పక్కనే నేల మీద పడుకున్నాను. సాయంత్రం దాకా మెలకువ రాలేదు. ఆయన లేపలేదు.

నాన్న ఆ తరవాత ఏడాది పైన బతికాడు. పెద్దది ఆయన కన్నా ముందే, ఒక వానాకాలం మధ్యాహ్నం నిద్రలో పోయింది. తీరానికి నేను ఇంకో రెండుసార్లు వెళ్లి ఉంటాను. నాన్న పోయాక గాజువాక వైపు బదిలీ అయింది. స్టీలు ప్లాంటు కట్టేవాళ్లతో కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి వచ్చి పడుకోవడమే సరిపోయేది. చిన్నది ఎన్నేళ్లు ఉందో, ఎలా పోయిందో నాకు తెలియదు.