రెండు డబ్బాలకు ఒకే పేరు

కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు, వైఫై చూసే పని నాది. పాత బిల్డింగు ఒకటి, సందు దాటితే కొత్తది. ఉద్యమం రోజులు కదా, ఆవేశంలో రెండు చోట్లా వైఫై డబ్బాలకు ‘జై తెలంగాణ’ అనే పేరు పెట్టాను, పాస్‌వర్డ్ కూడా ఒకటే. పేరు కలిస్తే నెట్‌వర్కులు కలిసినట్టే అనుకున్న తెలివి నాది. కొత్త బిల్డింగు నెట్‌వర్కు ల్యాబు మిషన్లకే, బయటి కాల్స్ అందులో పోవు.

సమ్మెతో బస్సులు బందైన వారంలో పాత బిల్డింగులో ఒకామెకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లను కొత్త బిల్డింగులో అద్దాల పెట్టెలో ఉంచారు. దక్కుతుందో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. తండ్రి దుబాయిలో ఉన్నాడు, మధ్యాహ్నం అన్నం వేళే వీడియో కాల్ చేయగలడు. తల్లి మాట్లాడాక సిస్టర్ ఫోను పట్టుకుని సందు దాటేది, కొత్త బిల్డింగు గడపలో కాల్ తెగేది. ఫొటో పంపుతామంటే, “కదులుతుంటె చూడాలె” అనేవాడు. మూడు రోజులు ఇదే తంతు. తప్పు నాదేనని తెలిసి నాకు అన్నం సహించలేదు.

సిరిసిల్ల నుంచి మా బావను పిలిచాను. మరమగ్గాల మోతలో పెరిగి, ఈ నెట్‌వర్కుల విద్య సొంతంగా నేర్చుకున్న మనిషి. బండి మీద వస్తుంటే రుద్రంగి దగ్గర రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పట, తినేదాకా కదలనివ్వలేదట. రెండు గంటలు ఆలస్యంగా, నాకోసం పులిహోర పొట్లంతో దిగాడు.

“పేరొక్కటైతే అయిపాయెనారా? ఫోను గీడికి రాంగనే దాని ఇంటి నంబరు మారుతున్నది. దుబాయి మాట పాత నంబరు కాడికే పోయి ఎదురుచూస్తున్నది.”

“మరెట్ల బావా?”

“నంబరు మార్చొద్దు. పాత డబ్బాకు వచ్చిన మాటను గీ డబ్బా అందుకోవాలె. మగ్గంల నూలు కండె మార్చంగ పోగు ముడేస్తం సూడు, గట్లనే.”

బావ సాయంత్రం దాకా తలెత్తలేదు. ఫోనిచ్చి నన్ను సందులో ఇరవై సార్లు తిప్పాడు. ఆ ఓపిక చూసి ఆయన మీద గౌరవం, కొంచెం కుళ్లు కూడా పుట్టాయి.

మర్నాడు మధ్యాహ్నం సిస్టర్ గడప దాటింది. ఫోనులో బొమ్మ క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఆమె ఫోను అద్దానికి ఆనించింది. అటు నుంచి చప్పుడు లేదు. మళ్లీ తెగిందనుకుని ఫోను వైపు వంగాను.

“ఇనవడ్తుందా అన్నా?” అంది సిస్టర్.

“కట్ కాలే సిస్టర్,” అన్నాడు తండ్రి. “బిడ్డ కాలు ఆడిస్తున్నది. చూస్తున్న.”