కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట

మా ఫోర్‌మన్ పోయాడన్న సంగతి నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నివాసానికిచ్చే అకామా కార్డు రెన్యువల్‌కు ఫొటోలు ఇవ్వనివాళ్లు వెంటనే ఇవ్వాలన్న మెసేజ్‌కూ, గురువారం క్యాంపులో నీళ్లు రావన్న మెసేజ్‌కూ మధ్యన, రెండు లైన్ల ఇంగ్లీషులో ఉంది. కింద ఎవరో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. చదివామని చెప్పడానికట. సౌదీలోని తాయిఫ్ సైటులో నిలబడి ఆ వేలి వంక చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

అందరం ఆయన్ని పెద్దన్న అనేవాళ్లం. ఆయనది జగిత్యాల వైపు, నాది కడప. జెద్దాలోని మా మెయింటెనెన్స్ కంపెనీలో ఆయన పనివాళ్ల మీద ఫోర్‌మన్, నేను ఆఫీసులో కాగితాలు చూసేవాణ్ని. చేరిన కొత్తలో నాకు అక్కడ ఎవరి తీరూ అర్థమయ్యేది కాదు. ఈజిప్టు ఇంజినీరు ఫోన్లో అరుస్తుంటే ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. పెద్దన్న పగలబడి నవ్వాడు.

"ఆయన ఒర్లితె ఒర్లనీయ్ తమ్మీ. కడుపుల ఏం బెట్టుకోడు. పొద్దుమీకి నీకు తినేటందుకు ఏమన్న పంపుతడు సూడు."

సాయంత్రానికి వేడి రొట్టె, బీన్స్ కూర నా బల్ల మీదికి వచ్చాయి. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఫిలిప్పీన్స్ టైమ్‌కీపరమ్మ మాత్రం ఒకసారి నా పొడుగాటి మెయిల్‌కు 'నోటెడ్' అని ఒక్క ముక్క జవాబిచ్చింది. అది చూపిస్తే, "గిప్పుడు భయపడు. పోయి పక్కపొంటి కూసొని మంచిగ మాట్లాడిరా" అన్నాడు. మనవాళ్లనూ వదిలేవాడు కాదు. "మనోళ్లు సరే సార్ అన్నరంటె సమజైందని కాదు తమ్మీ. సారు జల్ది ఎల్లిపోవాలని."

ఆయన్ని దేవుణ్ని చేయడానికి ఇది రాయడం లేదు. పిలవని పేరంటానికి వెళ్లే మనిషి. ఎవరి పెళ్లాం అలిగిందో, ఎవరి తమ్ముడు తాగుతున్నాడో ఆయనకు కావాలి. క్యాంపులో సగం మంది ఇళ్లల్లో ఆయన నంబరు ఉండేది. అందుకే ఊళ్లో ఎవరైనా చనిపోతే ఫోను ముందు ఆయనకే వచ్చేది.

ఆ కబురు చెప్పడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఫలానావాడు ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టించమనేవాడు. మనిషి పని దిగి, స్నానం చేసి, అన్నం తినేదాకా పక్కనే తచ్చాడేవాడు. తిన్నాక కూర్చోబెట్టి, "మీ నాయినకు జర పానం బాగలేదట" అని మొదలుపెట్టేవాడు. ఆ 'జర' అన్న మాటలోనే అవతలివాడికి అంతా తెలిసిపోయేది. అయినా ఇద్దరూ తెలియనట్టే కాసేపు మాట్లాడుకునేవారు. ఆస్పత్రి, సెలైన్, సీరియస్. చివరికి అసలు మాట అనేసరికి మనిషి ఆయన భుజం మీదే వాలి ఉండేవాడు. ఇంట్లోవాళ్లయినా అంతకంటే ఏం చేస్తారు?

ఆ పద్ధతే ఆయన కొంప ముంచింది. ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే మా ఏసీ మెకానిక్ తల్లి పోయిందని ఫోను వచ్చింది. అతను అప్పటికే ఎత్తయిన బిల్డింగు కప్పు అంచున చిల్లర్ మిషన్లు విప్పుతున్నాడు. పెద్దన్న సాయంత్రం దాకా చెప్పలేదు. ఆ రాత్రి విమానం దొరికే వేళ దాటిపోయింది. మర్నాటి విమానంలో వెళ్లేసరికి ఊళ్లో దహనం అయిపోయింది. తిరిగొచ్చిన మెకానిక్ మెస్సులో అందరి ముందూ ఆయన కాలరు పట్టుకున్నాడు.

"మా అమ్మ సావు దాసిపెట్టెటందుకు నువ్వెవలవు? పొద్దుగాల జెప్తె కడసారి మొకమన్న సూద్దును గద!"

తర్వాత నేను ఉండబట్టలేక, "ఏమన్నా, ఇట్ల చేస్తివి? వాన్ని కిందికి పిలిచి చెప్పుండచ్చు కదా" అన్నాను.

"వాడన్నది కరెక్టే తమ్మీ. కని కిందికి రమ్మని పిలిస్తెనే వానికి సమజైతది. గా నిచ్చెన ఎట్ల దిగుతడు? ఎత్తు మీదున్నోనికి బరువు మాట అందియ్యద్దు." వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "మల్లొకపారైనా గట్లనే జేస్త" అన్నాడు. ఆ మొండితనం చూసి నాకు కోపం వచ్చింది. ఆయన తప్పా, మెకానిక్ తప్పా అని ఇప్పటికీ తేల్చుకోలేను. ఇద్దరూ నిజమే చెప్పారు.

మా హెచ్‌ఆర్ సారుకు మాత్రం ఏ సందేహమూ లేదు. సమాచారం దాచినందుకు వార్నింగు వచ్చింది. కుటుంబంలో మరణమైతే గంటలోపు సంబంధితులకు నేరుగా మెసేజ్ పెట్టాలని రూలు వచ్చింది. ఆఫీసులో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలో నేర్పడానికి సూటు వేసుకున్న ఒక నిపుణుడు కూడా వచ్చాడు. హోటల్ హాల్లో మాకందరికీ రంగు కార్డులు పంచాడు. ముక్కుసూటిగా మాట్లాడేవాళ్లు ఎరుపు, లెక్కలు అడిగేవాళ్లు నీలం, నొప్పించకుండా చుట్టూ తిరిగి చెప్పేవాళ్లు ఆకుపచ్చ. ఆకుపచ్చవాళ్లు మారాలట. పెద్దన్నకు వచ్చింది అదే.

ఆయన కార్డు పట్టుకుని లేచి హిందీలో అడిగాడు. "సాబ్, మౌత్ కీ ఖబర్ కౌన్‌సే రంగ్ మే దేనా?" చావు కబురు ఏ రంగులో చెప్పాలి?

చాలా మంచి ప్రశ్న, భోజనాల తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు నిపుణుడు. భోజనాల తర్వాత గ్రూపు ఫొటో దిగాం.

నెల తిరక్కుండా పెద్దన్నను సైటు నుంచి తీసి, ఊరి బయట రేకుల షెడ్డు స్టోరుకు మార్చారు. మనుషుల మధ్య తిరిగినవాణ్ని పైపుల మధ్య కూర్చోబెట్టారు. నన్ను తాయిఫ్ పంపారు. ఫోను చేస్తే, "పైపులు అలగయి తమ్మీ, సుకంగున్నది. ఖల్లివల్లి, పోనియ్" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఒకరోజు ఆ షెడ్డులోనే గుండె ఆగింది.

గ్రూపులో మెసేజ్ చూసిన మరుక్షణం నేను హెచ్‌ఆర్ సారుకు ఫోను చేశాను. వాళ్లింటికి ఇప్పుడే కబురు పెట్టకండి, ఆయన భార్య ఒక్కతే ఉంటుంది, ఆమె అన్న కోరుట్లలో ఉన్నాడు, ఆయన వెళ్లేదాకా ఆగండి అని బతిమాలాను. పాలసీ ప్రకారం ఆమె ఫోనుకు ఇందాకే పంపేశామన్నాడు. గొంతు మెత్తగానే ఉంది, పాపం. నాకూ సానుభూతి తెలిపాడు. వెంటనే కోరుట్లలో ఆమె అన్నకు ఫోను చేసి బయల్దేరమన్నాను.

శవం కాగితాల కోసం జెద్దా వెళితే మెకానిక్ నా కోసం ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"వదినెకు ఎవలు జెప్పిన్రన్నా?"

"ఎవరూ చెప్పలేదు. మెసేజ్ పెట్టినారు."

"గా రోజు తిట్టిన. మా అమ్మ మొకం సూడలె, ఇప్పటికైనా తిడ్త. కని నాకు మనిషే జెప్పిండు గదన్నా."

ఆ సాయంత్రం వదినకు ఫోను చేశాను. ఆమే చెప్పుకొచ్చింది.

"బ్యాంకుదే అనుకున్న తమ్మీ. పైసలు పడ్డప్పుడు గూడ గట్లనే ఇంగ్లీషుల అస్తది. ఎంత పడ్డయో సూడు బిడ్డా అని కిరాణం పిలగానికిచ్చిన. సదివిండు. నా మొకం దిక్కు సూసిండు. నాకు ఇంగ్లీషు మంచిగ రాదు చిన్నమ్మా, ఇంకెవలకన్న సూపియ్యి అన్నడు. డిగ్రీ సదివిన పిలగాడు తమ్మీ. మా వాడకట్టుల అందరి మెసేజ్‌లు వాడే సదువుతడు."

ఆ తర్వాత ఆమె ఇంకెవరికీ చూపించలేదు. ఫోను కొంగు కింద పెట్టుకుని ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. దారినపోయేవాళ్లు ఏమైందని అడిగితే ఏం లేదంది. కోరుట్ల నుంచి అన్న బస్సు దిగి వచ్చేదాకా, ఎవరైనా వచ్చి తనకు చెబుతారని, అలాగే కూర్చుంది.