లీడ్స్‌లో పోయిన గంట

ఆ ప్రయాణంలో పోయినవాటిని ఈనాటికీ వరుసగా చెప్పగలను: బస్సులో మరిచిపోయిన గొడుగు, ఎక్కడ జారిపోయిందో తెలియని కుడిచేతి ఊలు తొడుగు, ఒక గంట కాలం, మా బావ. మొన్న ఆదివారం మస్కట్‌లో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇంజనీరు తలుపులోంచి తొంగిచూసి, "సార్, రేపట్నుంచి ఇంగ్లండ్ వాళ్లతో మీటింగ్ ఒంటిగంటకు కాదు, పన్నెండుకే. అక్కడ టైమ్ మార్చేశారు" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను పెన్ను పక్కన పెట్టి చేతిగడియారం చూసుకున్నాను.

ఒమాన్‌లోని నిజ్వా ఊళ్లో ఒక బిల్డింగ్ సైట్ మీద ఇనుప సలాకలు లెక్కపెట్టే పనితో మొదలై, ఎవరూ నేర్పకుండానే డ్రాయింగులు చదవడం నేర్చుకుని, గోడను చూసి ఇటుకలెన్నో చెప్పే దశకు వచ్చినవాణ్ణి. అంకెల విషయంలో ఇంకొకరిని నమ్మే అలవాటు నాకు లేదు. ఆ సైట్ మెస్‌లోనే వంట చేసిన మా బావ, అంటే మా అక్క భర్త, తరువాత ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఒక హోటల్‌కు వెళ్లాడు. అక్కడ గుండె జబ్బు బయటపడింది. మస్కట్‌లోని దార్సైట్‌లో మాతో ఉంటున్న అక్కకు వీసా రాలేదు, నాకు వచ్చింది.

మార్చి చివరి రోజులు. చెట్లకు ఒక్క ఆకు లేదు గానీ, కింద గడ్డిలో పసుపు పూలు గుంపులుగా లేచి నిలబడ్డాయి. ఎండ ముఖం మీద పడుతున్నా వెచ్చదనం లేకపోవడం, ఒమాన్‌లో అన్నేళ్లున్న నాకు ఎందుకో మంచిగా అనిపించలేదు. శనివారం సాయంత్రం డాక్టర్లు ఇక ఆగేది లేదని, మర్నాడు పొద్దున ఏడున్నరకే ఆపరేషన్‌కు తీసుకుపోతామని చెప్పారు.

"బామ్మర్దీ, సలాకలు లెక్కవెట్టినట్టు నిమిషాలు లెక్కవెట్టుకుంట రాకు, జర ముందే రా. మత్తు ఇచ్చే ముందు మనోని మొఖం కనవడాలె" అన్నాడు బావ నవ్వబోతూ.

"ఏడు కాకముందే నీ మంచం కాడ ఉంట బావా" అన్నాను. లేవబోతే బావ నా చెయ్యి వదల్లేదు.

ఆ రాత్రి బావ అద్దె గదిలోనే పడుకున్నాను. లేచేసరికి గోడ గడియారం అయిదున్నర చూపించింది. విమానం దిగినప్పుడు నాలుగు గంటలు వెనక్కి తిప్పుకున్న నా చేతిగడియారంలోనూ అదే. బస్‌స్టాప్‌లో బోర్డు మీదున్న ఆరుంబావు బస్సు రాలేదు, రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. నడక మొదలుపెట్టాను. దారిలో చర్చి గోపురం మీది గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది, నా దానిలో ఆరూ ఇరవై. రెండింటినీ మార్చి మార్చి చూశాను. అయినా గదిలోదీ నా చేతిదీ కలిసి రెండు, దీనికి తోడు లేదు, పాతబడి చెడిపోయి ఉంటుందని తేల్చేశాను. అక్కడినుంచి పరుగెత్తితే ఆసుపత్రి పది నిమిషాల దూరం. నేను ఆగి, అక్కకు చూపించాలని జేబులోని చిన్న కెమెరాతో ఆ పసుపు పూలకు ఫోటో కూడా తీశాను.

వార్డులో మంచం లేదు, అది ఉండాల్సిన చోట చెప్పులు మాత్రం ఉన్నాయి. మలయాళీ నర్సమ్మ నన్ను చూసి, తన గడియారం చూసుకుని, హిందీలో మెల్లగా చెప్పింది: "ఇక్కడ ఏటా మార్చి చివర్లో చేసినట్టే రాత్రి గడియారాలు గంట ముందుకు జరిపారు భయ్యా, మీకు తెలియదా? మీ బావగారు 'నా బామ్మర్ది లెక్కలో పక్కా, వచ్చేస్తాడు' అంటూ తలుపువైపే చూశారు. చివరికి మేమే తోసుకుపోయాం."

బావ మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇప్పుడు ఫోన్లు మనం నిద్రలో ఉండగానే వాటంతటవే సర్దుకుంటున్నాయి, ఏ ఊరికి వెళ్లినా గంటలు కూడడం తీసేయడం ఎవరికీ పట్టడం లేదు. మన తరానికి గడియారమంటే చేత్తో తిప్పితే తప్ప కదలని వస్తువు. వసంతంలో తీసుకున్న ఆ గంటను ఆకురాలే కాలంలో ఊరంతటికీ తిరిగి ఇచ్చేస్తారని నర్సమ్మే చెప్పింది. అంతదాకా నేను అక్కడ లేను, ఏప్రిల్‌లోనే బావను పెట్టెలో తీసుకుని వచ్చేశాను. నాకు ఇంకా ఒక గంట రావాలి.