మబ్బుల మల్లయ్య బండిని ముంచిన కథ

బొమ్మలు గీసి చెడిపోయిన వాళ్లను మీరు చూసే ఉంటారు. నేను మాత్రం బొమ్మలకు అంకెలు వేయక చెడిపోబోయాను. అదీ మా ఇంటి సుప్రీంకోర్టు ముందు, పదిమంది చూస్తుండగా.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడితే, పెట్టె సర్దుకొని మొయినాబాద్‌లో మా ఇంటికి వచ్చి పడ్డాను. మా నాన్న, అదే మా బాపు, రెండు వారాలు ఓపిక పట్టి, చదువు ఎట్లాగూ లేదు కదా, నాగలి పట్టమన్నాడు. నాకేమో పట్నంలో బొమ్మల బడిలో చేరాలని ప్రాణం కొట్టుకుంటోంది. తగువు చేవెళ్లలో ఉన్న పెద్దబాపు దగ్గరికి వెళ్లింది. బాపు తన అన్న మాట జవదాటడు. ఆయన సరేనంటే బడి, కాదంటే నాగలి.

ఆయన్ని ఒక్క దెబ్బకు పడగొడదామని ఐదు పెద్ద కాగితాల మీద బొమ్మల కథ గీశాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూసిన ఇంగ్లీషు పుస్తకాల్లో, గాలిలో ఎగిరే వీరుల వీపున ఎర్ర గుడ్డ ఉండేది. నా మబ్బుల మల్లయ్యకు గొంగడి కట్టాను, గుబురు మీసం పెట్టాను. మొదటి బొమ్మలో వరద వాగులో ఎడ్లబండి మునుగుతోంది, అందులోని వాళ్లు చేతులెత్తి మొత్తుకుంటున్నారు. రెండో దాంట్లో మల్లయ్య చిరునవ్వుతో ఆకాశంలో దూసుకుపోతున్నాడు. మూడో దాంట్లో బండిని వాగు మీద ఎత్తి పట్టుకున్నాడు. నాలుగో దాంట్లో బండి ఒడ్డున ఉంది, అతని చేయి దాని మీద ఉంది. ఐదో దాంట్లో జనం దండలు వేస్తున్నారు. ఆ గొంగడి గాలికి ఎగరడానికే మూడు రోజులు పట్టింది. ఇక మాటలంటారా, బొమ్మ రానివాడే మాటలు రాసుకుంటాడని నా పొగరు. ఒక్క అక్షరం రాయలేదు, అంకె కూడా వేయలేదు.

పెద్దబాపు ఇంటి ముందు దండేనికి ఐదింటినీ వరుసగా వేలాడదీశాను. బాపుతో పాటు చుట్టుపక్కల వాళ్లూ వచ్చారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని నేరుగా కుడి చివరికి, దండల బొమ్మ దగ్గరికి నడిచాడు.

ఆయన చదువంతా నిజాం కాలంలో, ఉర్దూలో. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కుడి నుంచి ఎడమకే చదివిన మనిషి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గుర్తుకు రాలేదు చూడండి, అదీ నా తెలివి.

“వీడెవడురా?” అన్నాడు.

“మబ్బుల మల్లయ్య, పెద్దబాపు. ఆపదల ఉన్నోళ్లను ఆదుకుంటడు” అన్నాను గర్వంగా.

ఆయన ఒక్కొక్కటే చూసుకుంటూ ఎడమ చివరికి వచ్చి, మునుగుతున్న బండి ముందు ఆగిపోయాడు.

“గిట్లనా ఆదుకునేది?”

అప్పుడు వెలిగింది నాకు. అటు నుంచి కాదు ఇటు నుంచి అని చెబుదామని ఎడమ చివరికి ఉరికాను. బాపు మొహంలో అప్పుడే నాగలి కనిపించింది.

ఇంతలో పెద్దబాపు పొట్ట కదిలింది. నవ్వుతున్నాడు.

“జర ఇటు రాండ్రి. ముందుగాల మనం దండలేసినం. మన బండి వాని చేతిల పెట్టినం. నడి వాగు మీదికి తీస్కపోయి ఇడ్శిపెట్టిండు. ఇగో, నవ్వుకుంట పోతున్నడు. మనం మునుగుతున్నం” అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగాడు. “తమ్మీ, ఓట్లేసినంక మనకైందంత నీ కొడుకు ఒక్క మాట రాయకుంట చెప్పిండు. వీన్ని నాగలికి కడ్తవా?”

జనం పొట్టలు పట్టుకొని నవ్వారు. ఆ మీసం ఏ నాయకుడిదో తనకు తెలుసని ఒకాయన కన్ను గీటాడు. నిజానికి అది మా మేనమామ మీసం. నిజం చెప్పెయ్యమని నా అంతరాత్మ అర నిమిషం పోరుపెట్టింది. బొమ్మల బడి గెలిచింది.

మరుసటి వారం ఆ బొమ్మలు చేవెళ్లలో విద్యార్థుల ఉద్యమ శిబిరానికి ఎక్కాయి. ముడిమ్యాల నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చారు. నేనే కట్టె పట్టుకొని కుడి చివర నుంచి కథ చెప్పాను. గుంపులో కనిపించిన వాళ్లందరికీ బాపు, వాడు నా కొడుకేనని చెప్పుకుంటుంటే, నిజంగా నేనే ఆకాశంలో ఎగిరాను. గొడవలు సద్దుమణిగాక బొమ్మల బడిలో చేర్పించింది కూడా బాపే.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికినంత కాలం అంకెలు లేకుండా బొమ్మల కథ గీయను. నాయకుల మీద గీసినప్పుడు మాత్రం అంకెలు వేయను. ఎటు నుంచి చదవాలో బండిలో కూర్చున్న వాళ్లకు తెలుసు.