వాళ్లమ్మ చదివితేనే పాస్

మా డిజైన్ టీమ్ లీడ్ పోయిన మంగళవారం పొద్దున గుండెపోటుతో చనిపోయింది. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఆఫీసు గ్రూపులో కబురు చూసి, అబద్ధమేమోనని ఆమెకే ఫోన్ చేశాను. రింగవుతూనే ఉంది.

కోకాపేటలో మా ఆఫీసు. మందులు తెప్పించుకునే యాప్ మాది. వెనక రంగు మీద అక్షరం తేటగా కనబడుతుందో లేదో కొలిచే టూల్ ఒకటుంటుంది, నాలుగున్నర వస్తే పాస్. చేరిన కొత్తలో నేను డిజైన్ చేసిన స్క్రీన్‌కి నాలుగుంపావు వచ్చింది. "దగ్గరికొచ్చింది కదక్కా, అడ్జస్ట్ చేద్దాం" అన్నాను.

"మనం చేస్తం చెల్లే. కళ్లు అడ్జస్ట్ చెయ్యవు గదా" అంది నవ్వుతూ.

టూల్ పాస్ చేసినా ఆమె వదిలేది కాదు. స్క్రీన్ ఫొటో వాళ్లమ్మకి పంపేది. మణికొండలో ఇద్దరే ఉండేవాళ్లు. ఆ పెద్దావిడకి కంటి నరం దెబ్బతిని చూపు మసక. "అమ్మా, ఏం రాసుందో చదువు" అని ఫోన్ స్పీకర్లో పెట్టేది. "ఏం గనబడ్తలే బిడ్డా" అంటే మా వారం పని మళ్లీ మొదటికే. ఎంత ఒళ్లు మండేదో నాకు. "కనబడ్తుంది బిడ్డా" అన్నాకే లాప్‌టాప్ మూసేది.

"ఆమె మందులు ఆమె తెప్పించుకోవాలె. ఎవర్నీ బతిమాలొద్దు" అనేది. ఆ మాట మీద మాత్రం తగ్గేది కాదు.

కంపెనీ నారింజ రంగు ముట్టుకోవద్దని బ్రాండ్ వాళ్లు పట్టుబడితే, "మీ రంగు మీకే ముబారక్. అక్షరాలు జర నల్లగ జేస్త, అంతే" అని తేల్చేసింది. నాకీ పని నేర్పింది ఆమే. చేసిన పని ఇప్పుడెవరికి చూపించుకోవాలో తెలియడం లేదు.

నిన్న చర్చిలో అక్క కోసం పెట్టిన ప్రార్థనకి ఆఫీసు వాళ్లు కార్డు చేశారు. అదే నారింజ, దాని మీద తెల్లగా అక్క పేరు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "వాళ్లమ్మకి ఇది కనబడదండీ" అన్నాను. నలుపు పెడితే మరీ బరువుగా ఉంటుందన్నారు. ఉండనీయండి అని నేనే అక్షరాలు మార్చి ప్రింటుకి పంపాను.

మూసాపేట చర్చిలో వాళ్లమ్మ పక్కనే కూర్చున్నాను. ఎవరో కార్డు చేతికిచ్చి చదివి వినిపించబోతే ఆమె వద్దంది. ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ బిడ్డ పేరు తానే చదువుకుంది. తర్వాత, స్పీకర్లో నేను రోజూ విన్న అదే గొంతుతో, "కనబడ్తుంది బిడ్డా" అంది. చివరి అక్షరం మీంచి వేలు మాత్రం తీయలేదు.