గుట్ట దారిలో ఎలుగు

అది మంగళవారం, పొద్దున ఆరుగంటల ఇరవై నిమిషాలు. కెమెరా తీసిన బొమ్మ అంచున టైము పడింది. నేనే కూడబలుక్కుని చదివాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఇప్పటికీ ఒక్కోదాని దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని ముందుకు పోతాను.

మంథని అవతల మా ఊరి గుట్టకు ఒక్కటే దారి. చలికాలం మా గొర్రెలకు ఆ గుట్ట మీదే మేత. కరీంనగర్ కాలేజీలో పరిశోధన చేసే ఒక ముస్లిం అమ్మాయి ఆ దారిలో బండకు కెమెరా బిగించింది. అది మసక చీకట్లో కూడా చూస్తుంది, చూసినదేమిటో తనే చెబుతుంది. జంతువు వస్తే ఊళ్ళో ఫోన్లకు కబురు పంపుతుంది. మాటే, బొమ్మ రాదు. వరుసగా మూడు రోజులు ఒకటే కబురు: ఎలుగుబంటి. ఇంకోసారి వస్తే దారి మూసేస్తానన్నాడు ఫారెస్టు గార్డు. మూస్తే మంద అమ్ముకోవాల్సిందే.

మా ఇంట్లో ఒక పద్ధతి. మంద కదలకముందే పెద్దవాడు ఒక్కడే పోయి దారి చూసి రావాలి. బాపు బతికున్నన్నాళ్ళు ఆయన పోయేవాడు, ఆయన తర్వాత నేను. ఎలుగు కబురు విన్నాక ఇంకా ముందే పోతున్నాను, నల్ల గొంగడి నెత్తిమీంచి కప్పుకుని, కట్టె పట్టుకుని, దాని అడుగుల కోసం నేల వెతుకుతూ, వంగి.

ఆ రోజు మంచు గుట్టను మింగేసింది. నా కాళ్ళు నాకే కనిపించలేదు. దారి చూసి దిగేసరికి బండ దగ్గర ఆ అమ్మాయి ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. పక్కన గార్డు. దారి మూసివేత బోర్డు అతని బండికి కట్టి ఉంది.

“తాతా, జర ఇటు రా. ఇప్పుడే ఎలుగు వచ్చింది,” అంది అమ్మాయి.

“ఏ దిక్కు పోయింది బిడ్డా?”

“పైకి పోయి, మళ్ళ కిందికి దిగింది.”

“నేను గా దారిలనే దిగిన. నాకు కనవడలే.”

తెర నా వైపు తిప్పింది. బూడిదరంగు మంచు, అందులో నూకల్లా వెలుతురు. దాంట్లోంచి నల్లటిది ఒకటి బరువుగా వచ్చింది. ఆగింది. నేల వాసన చూస్తున్నట్టు వంగింది. నాకు భయం వెయ్యలేదు. చిన్నప్పుడు వెనక నడుస్తూ చూసిన బాపు వీపు అది. ఆయనే దారి చూడటానికి వచ్చాడనుకున్నాను. తర్వాత దాని పక్కన కట్టె కనిపించింది. కట్టె కొనన ఉన్న వంకర నాకు తెలుసు.

“గిది ఎలుగు గాదు. నేను.”

గార్డు పకపకా నవ్వాడు. “ఏందే తాతా, మూడొద్దులు ఊరినంత పరేషాన్ జేస్తివి!”

అప్పుడే మందను తోలుకుంటూ వచ్చిన మా తమ్ముడు అందుకున్నాడు. “మా వదిన మా అన్నను ఎప్పటిసంది ఎలుగనే అంటది సారూ. మీ పెట్టెకు ఇయ్యాల ఎరుకైంది.”

అమ్మాయి మాత్రం నవ్వలేదు. కెమెరాలో గోరంత బిళ్ళ ఉంటుందట. దాని మీద కంటికానని గుంటలు. గడ్డి మీద మంచు పడ్డట్టు వాటిలో వెలుతురు చుక్కచుక్కగా పడుతుందట. ఎందులో ఎంత పడిందో చూసి బొమ్మ కడుతుందట.

“కన్ను మంచిదే తాతా. దానికి నేను చూపి నేర్పిన బొమ్మలల్లనే గొంగడి మనిషి లేడు. తప్పు నాది.”

“నాకు రుజువు గావాలె,” అన్నాడు గార్డు. “పై సార్లకు ఏం జెప్పాలె?”

గొంగడితో నడిచాను. పెట్టె ఎలుగుబంటి అంది. తీసి నడిచాను. మనిషి అంది.

“అయితే శాలువ కప్పుకోరాదు తాతా, పీడ పోతది?” అన్నాడు గార్డు.

“గీ చలికి నీ శాలువ ఆగుతదా? నేను గొంగడి ఇడువ. పెట్టెకే నేర్పుండ్రి.”

గార్డు బండి మీంచి బోర్డు విప్పనేలేదు. తమ్ముడు మందను పైకి తోలాడు. మంచులో గొర్రెలు ఒక్కొక్కటే కరిగిపోయాయి, గంటల చప్పుడు మిగిలింది. అమ్మాయి చెప్పినట్టల్లా నేను నడిచాను: వంగి, నిలబడి, కూర్చుని, గొంగడితోనే. ఒక్కో బొమ్మ కింద ఏమని రాయాలో నన్నే రాయమంది. అక్షరం అక్షరం వెతుక్కుని నొక్కాను, మనిషి అని. ఎన్నిసార్లు రాశానో తెలియదు. ఎండ వచ్చింది.

ఆ పొద్దున అక్కడున్నది గార్డు, కరీంనగర్ అమ్మాయి, మా తమ్ముడు, మా గొర్రెలు, నేను. ఎలుగు లేదు.