పంటూన్ ఎన్నిసార్లు ఊగుతుంది?

మొన్న ఆదివారం బిషాన్‌లోని మా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నీటిపై తేలే సోలార్ తెప్ప అలలకు ఎలా ఊగుతుందో మా అమ్మాయి కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తోంది. కాలేజీ ప్రాజెక్టు. ఏ అంకెలు వేస్తున్నావమ్మా అని అడిగితే, "డిఫాల్ట్ ఓకే లా, నాన్నా" అంది తల ఎత్తకుండా, ఇక్కడి పిల్లల యాసలో; సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న అంకెలు చాలునట. ఆ మాటతో నా మనసు ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పటి క్లెమెంటి అద్దె గదికి వెళ్లిపోయింది.

అవి మనవాళ్లంతా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చేసి విమానం ఎక్కేస్తున్న రోజులు. నాతో చదివినవాళ్లు బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంటే, నేను మాత్రం యూనివర్సిటీలో నీళ్లనూ పడవలనూ పట్టుకుని వేలాడాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, ఆ పనిలో నా చెయ్యి మంచిదని పేరు. ఒక షిప్‌యార్డులోని పంటూన్, అంటే మనుషులు నిలబడి ఓడలకు వెల్డింగ్ చేసే తేలే బల్లకట్టు, ఎంత అల వరకు క్షేమమో కంప్యూటర్‌లో లెక్క కట్టి తేల్చమని మా గురువుగారు నాకు అప్పగించారు. నీరు పడవను తోస్తుంది, పడవ నీటిని తోస్తుంది, ఆ తోపులాటలో లెక్క అదుపు తప్పి పడవ కాస్తా తెర మీంచి ఎగిరిపోతుంది. ఆ లెక్కను నిలబెట్టడానికి ఒక అంకె ఉంటుంది. ఒకటి వేస్తే పడవకు పూర్తి స్వేచ్ఛ, తగ్గించే కొద్దీ కళ్లెం. నేను సున్నా పాయింట్ ఎనిమిది వేశాను. పంటూన్ బుద్ధిగా నాలుగుసార్లు ఊగి ఆగింది. రిపోర్టు కూడా రాసి గురువుగారికి ఇచ్చేశాను.

సెంబవాంగ్‌లో, ఆ యార్డులోనే, మా బాబాయి వెల్డరు. శ్రీకాకుళం మనిషి, నాన్నకు వరసకు తమ్ముడు. ఆదివారాలు నా చేతి చారన్నం తినడానికి రెండు రైళ్లు మారి వచ్చేవాడు. ఆ రోజు తెర మీద బొమ్మ చూసి, "ఇదేటి బాబూ, ఇంత బేగి ఆగిపోనాది? టగ్గు ఎల్లిపోనాక మాది పద్నాలుగు మాట్లు ఊగుతాది" అన్నాడు. ఓడలను లాగే టగ్ బోటు పక్క నుంచి పోగానే వాళ్లంతా వెల్డింగ్ ఆపి, ఊగడాన్ని లెక్కపెడుతూ నిలబడి, అది ఆగాకే మళ్లీ మొదలుపెడతారట.

మొదట వాదించాను. తరువాత నేను వేసిన అంకెలు మళ్లీ తీసి చూశాను. పంటూన్‌ను ఆపింది నీరు కాదు, నేను వేసిన అంకె. ఆ రిపోర్టు యార్డుకు వెళ్లిపోతే, పెద్ద అలల్లోనూ పని చేయించవచ్చని చెప్పినవాణ్ణి నేను, ఆ పంటూన్ మీద నిలబడేది బాబాయి. అంత భయం నాకు ఏ పరీక్షలోనూ కలగలేదు.

సోమవారం పొద్దున్నే రిపోర్టు వెనక్కి తీసుకుంటే గురువుగారు విసుక్కున్నారు. అంకెను మళ్లీ ఒకటికి పెట్టి, కాలాన్ని చిన్న చిన్న అడుగులు చేసి, ఒక్కో అడుగులో నీటికీ పడవకూ పలుమార్లు రాజీ కుదిర్చి నడిపాను. ఒక పూటలో అయ్యే లెక్క తొమ్మిది రోజులు పట్టింది. పదమూడుసార్లు ఊగింది. ఒకటి తగ్గిందని బాబాయి పెదవి విరిచాడు గానీ, క్షేమమైన అల ఎత్తును సగానికి తగ్గించి ధీమాగా సంతకం పెట్టాను.

ఇక్కడ పని చేసే పర్మిట్ గడువు అయిపోయి బాబాయి ఊరెళ్లి ఎన్నో ఏళ్లయింది. మా అమ్మాయి వాడే సాఫ్ట్‌వేర్ నాకంటే తెలివైనదే, కాదనను. ఆ తెప్ప ఎక్కి ప్యానెళ్లు తుడిచేది ఎవరమ్మా అని అడిగాను. తెలియదంది. నా పంటూన్ మీద నిలబడే మనిషి నా ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడు.